వేలుకు మూర

నాకు చదువు చెప్పింది మా బాపు, అంటే మా నాన్న. కామారెడ్డిలో మా వాడకు దగ్గరగా ఆడపిల్లలు పోయే బడి లేదు. ఉన్నా మా ఇంట్లో పంపేవాళ్లు కారనుకోండి. వ్యవసాయం పనులు తగ్గిన మధ్యాహ్నాల్లో బాపు అరుగు మీద ఇసుక పరిచి, నా వేలు పట్టుకొని అక్షరాలు దిద్దించాడు. అక్షరాల తర్వాత లెక్కలు. లెక్కల్లో ఆయనకు ప్రాణం త్రైరాశికం. ఇంతకు ఇంతయితే అంతకు ఎంత, అన్న ఒక్క ప్రశ్నతో లోకంలో సగం సంగతులు తేలిపోతాయని ఆయన నమ్మకం. కుంచెడు వడ్లకు ఇన్ని బియ్యమైతే బస్తాకు ఎన్ని, ఒక పూట మోట కొడితే ఇన్ని మళ్లు తడిస్తే మొత్తం పొలానికి ఎన్ని పూటలు. పొయ్యి దగ్గర ఉన్న మా అమ్మను, మేము అవ్వ అనేవాళ్లం, ఆమెను కూడా వదిలేవాడు కాదు. ఆమె విసుక్కుంటూనే జవాబు చెప్పేది, చాలాసార్లు నాకంటే ముందు.

ఆ మధ్యాహ్నాలు ఇచ్చినందుకు నేను ఇప్పటికీ పొద్దున లేచి దేవునికి దండం పెట్టుకుంటాను. అంత ఓపికగల గురువు ఇంట్లోనే దొరకడం ఎందరికి జరుగుతుంది? అయినా ఆ దండం పెట్టుకునేటప్పుడు మనసు ఒక చోటికి పోయి ఆగుతుంది. ఆ చోటు ఎల్లారెడ్డి.

మా అక్క నాకంటే ఆరేండ్లు పెద్దది. ఆమెను ఎల్లారెడ్డిలో ఇచ్చారు. భూమి ఉన్న ఇల్లు, వరి బాగా పండే ఊరు, బావ నెమ్మదైన మనిషి. మా ఇంటి నుంచి తెల్లవారుజామున ఎడ్లబండి కడితే దీపాలు పెట్టే వేళకు చేరవచ్చు. కాపురానికి పోయిన ఏడాదికి అక్క బతుకమ్మ పండుగకు ఇంటికి వచ్చింది.

ఆ పండుగ రోజుల్లోనే నిజామాబాదు నుంచి ఒక ఫొటోలు తీసే ఆయన వచ్చి స్టేషను దగ్గర దిగాడు. మూడు కాళ్ల మీద ఒక పెట్టె, దాని మీద నల్లబట్ట. పిలిచిన వాళ్ల ఇంటికి వచ్చి వాకిట్లోనే ఫొటో తీసేవాడు. బాపుకు ముచ్చట పుట్టి పిలిపించాడు. మా ఇంట్లో ఒకే ఒక్క కుర్చీ ఉండేది. బదిలీ మీద పోతూ ఒక రైల్వే ఉద్యోగి అమ్మితే బాపు కొన్న టేకు కుర్చీ. బాపు అందులో కూర్చోవాలి, అక్క పక్కన నిలబడాలి, అని ఫొటోలు తీసే ఆయన ఏర్పాటు చేశాడు. అవ్వ అడ్డం వచ్చింది. ఫొటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఆమెకు ఎవరో చెప్పారు. అక్క బతిమాలి బతిమాలి తన వరకు ఒప్పించింది గానీ, బాపును మాత్రం అవ్వ కుర్చీలోంచి లేపేసింది. "నా పుస్తెల మీదికి తేకు, లే" అన్నది. బాపు నవ్వుకుంటూ లేచిపోయాడు. అక్క ఖాళీ కుర్చీకి కొంచెం పక్కగా, కొంచెం వెనకగా జరిగి, దాని వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. ఆ ఫొటో అట్లాగే వచ్చింది.

పండుగ అయిపోయాక అక్కను తీసుకుపోవడానికి ఎల్లారెడ్డి నుంచి బండి వచ్చింది. అది వచ్చేసరికి గురువారం పొద్దుగూకింది. తెల్లవారితే శుక్రవారం. శుక్రవారం ఆడబిడ్డను ఇంట్లోంచి పంపే ఆచారం మాకు లేదు. ఒక్క రోజు ఆగమని బాపు బండి తోలుకొచ్చిన జీతగానికి చెప్పాడు. శుక్రవారానికల్లా ఎడ్లు ఇంట్లో ఉండాలని తమ పెద్దాయన గట్టిగా చెప్పి పంపాడని అతను అన్నాడు. బిడ్డకంటే ఎడ్లు ముఖ్యమా అని బాపు, పెద్దాయన చెప్పినట్టు చేసేవాణ్ని నేను అని అతను. మాట పెరిగింది. బాపు ఖాళీ బండిని వెనక్కి పంపాడు.

కోడలి కోసం పోయిన బండి ఖాళీగా ఊళ్లోకి రావడమంటే వాళ్లకు తల తీసేసినంత పని. రెండు రోజులాగి బాపే స్వయంగా అక్కను తీసుకుపోయి దింపాడు. అక్కడ అక్క మామ అందరి ముందు బాపును ఏదో మాట అన్నాడు. ఆ మాట ఏమిటో బాపు మాకు ఎప్పుడూ చెప్పలేదు. మంచినీళ్లయినా ముట్టకుండా తిరిగి వచ్చాడని మా బండి తోలిన అతని వల్ల తెలిసింది. ఆ రోజుతో రాకపోకలు ఆగిపోయాయి.

రెండు ఎండాకాలాలు గడిచాయి. ఊరూరూ తిరిగి గాజులు అమ్మే ఆమె ఒక రోజు మా వాకిట్లో గంప దించి, నీ బిడ్డకు ఐదో నెల అని అవ్వతో చెప్పింది. అవ్వ ఆమె రెండు చేతులూ పట్టుకొని కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పించుకున్నది.

తొలి కాన్పు తల్లిగారింట్లో కావాలి. ఏడో నెలలో పోయి తీసుకురావాలి. అది అందరికీ తెలిసిన పద్ధతే. అవ్వ ఆ సాయంత్రమే బాపుతో మాట ఎత్తింది. బాపు అన్నం ముందు కూర్చొని తల ఎత్తకుండా విన్నాడు.

"పిలువని ఇంటికి నేను పోను. పంపాలె అని ఉంటే వాళ్లే బండి కడ్తరు" అన్నాడు.

"ఖాళీ బండి తోలిచ్చిన ఇంటికి మళ్ల బండెట్ల కడ్తరు?"

బాపు చెయ్యి కడుక్కొని లేచాడు. ఆ తర్వాత అవ్వ అడగని రోజు లేదు, ఆయన జవాబు మారిన రోజూ లేదు. మగవాళ్లు పోని చోటికి ఆడది పోయి నిలబడే కాలం కాదది. పోతే అక్కడ మాటలు పడేది అక్కే.

ఇక అవ్వకు దేవుడే మిగిలాడు. ఆమె పుట్టింటి వైపు నిలువు వత్తి అని ఒక మొక్కు ఉండేది. కడుపుతో ఉన్న మనిషిని గోడకు నిలబెట్టి, ఎడమ కాలి బొటనవేలి నుంచి నడినెత్తి వరకు నూలు పోగు పట్టి కొలుస్తారు. ఆ కొలతకు ఒడికిన నూలును మడతలు వేసి వత్తి చేసి, నూనెలో తడిపి, ఎల్లమ్మ గుడిలో వెలిగిస్తారు. ఆ మనిషిని నిలువునా నీ ముందు పెట్టాను, చల్లగా చూడు తల్లీ అని అర్థం. కొలత కురచ కాకూడదు, ఆయుష్షు కురచ అవుతుందంటారు. అనుమానం ఉంది గదా అని పొడుగు కూడా పెట్టకూడదు, అది తల్లి ముందు అబద్ధం ఆడినట్టు. సరిగ్గా ఉండాలి.

అవ్వ మా చేనిలో ఏరిన పత్తితో పోగు ఒడికి, ఉండ చుట్టి గాజులామెకు ఇచ్చింది. ఎల్లారెడ్డికి పోయినప్పుడు ఎట్లాగైనా అక్కను కొలిచి, నెత్తి దగ్గర ఒక ముడి వేసి తెమ్మన్నది. ఆమె కొన్నాళ్లకు తిరిగి వచ్చి ఉండను ఉన్నదున్నట్టే అవ్వ చేతిలో పెట్టింది.

"గాజులు అత్త చేతికే ఏసిన. నీ బిడ్డను అర్ర దాటనియ్యలె. తలుపు సందుల కెల్లి చెయ్యి ఒక్కటి అవుపడ్డది. గాజులు వదులుగనే ఉన్నయి, బుగులు వడకు" అన్నది.

చెయ్యి వాయలేదు, భయపడొద్దు అని ఆమె ఉద్దేశం. అవ్వకు మాత్రం బిడ్డ చిక్కిపోయిందని వినబడింది. ఆ పూట అన్నం ముట్టలేదు.

ఫొటో మాట ఎత్తింది నేనే. బాపు దగ్గర కొత్తగా నేర్చుకున్నదంతా దేనికి వాడదామా అని చూస్తున్న వయసు. ఫొటోలో అక్క ఉంది, కుర్చీ ఉంది. కుర్చీ మన ఇంట్లోనే ఉంది. ఫొటోలో కుర్చీ ఇంతయితే అసలు కుర్చీ అంత, మరి ఫొటోలో అక్క ఇంతయితే అసలు అక్క ఎంత? అవ్వ నా మొహం చూసి, లోపలికి పోయి, చీరల మడతల్లో దాచిన ఫొటో తెచ్చింది.

బాపు భోజనం చేసి తువ్వాలు మొహం మీద కప్పుకొని అరుగు మీద పడుకొని ఉన్నాడు. మేము కుర్చీని వాకిట్లోకి తెచ్చుకున్నాం. ఫొటోలో కుర్చీ, కాళ్ల నుంచి వీపు కొస వరకు, సరిగ్గా నా రెండు వేళ్ల వెడల్పు వచ్చింది. అసలు కుర్చీని అవ్వ తన చేత్తో కొలిస్తే రెండు మూరలు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. లెక్క దానంతట అదే తేలిపోయింది. ఫొటోలో వేలు, బయట మూర. అక్క మూడు వేళ్లు, ఆ పైన ఒక వడ్లగింజ మందం. నా వేలి వెడల్పుకు ఎనిమిది గింజలు పట్టాయి కాబట్టి ఒక గింజ అంటే మూరలో ఎనిమిదో వంతు; మూరకు ఇరవై నాలుగు వేళ్లు గనుక, మూడు వేళ్లు. అక్క ఎత్తు మూడు మూరల మూడు వేళ్లు.

అవ్వ పోగును ఆ కొలతకు పట్టుకొని మా దర్వాజ పక్క స్తంభానికి ఆనించి చూసింది.

"గింతేనా? నా బిడ్డ గింత కురచగ లేదు" అన్నది.

ఎంత ఉండేదో చెప్పు అంటే మాత్రం చెప్పలేకపోయింది. అక్క నిలబడి ఉండగా తీరికగా చూసిన జ్ఞాపకమే ఆమెకు లేదు. తల దువ్వేటప్పుడు అక్క ముందు కూర్చునేది. అన్నం తినేటప్పుడు కూర్చునేది. పనిలో ఉన్నప్పుడు వంగి ఉండేది. బిడ్డ అంటే అవ్వకు పైనుంచి కనబడే పాపిట. నేనేమో అప్పట్లో అక్కను ఎప్పుడూ తల ఎత్తే చూసేదాన్ని. మా ఇద్దరిలో ఎవరి కన్నూ కొలతకు పనికి రాలేదు. అవ్వ ఒక చేత్తో పోగు, ఒక చేత్తో కత్తెర పట్టుకొని, తెంపలేక, వదలలేక నిలబడింది. లెక్క తప్పు లేదని నేను మళ్లీ మళ్లీ చెప్పాను. నిజంగానే లెక్కలో తప్పు లేదు.

అరుగు మీది తువ్వాలు కదిలింది.

"కుర్చీకి సరే. బిడ్డకు గాదు" అన్నాడు బాపు. ఆయన అంతసేపూ మెలకువగానే ఉన్నాడు. "ఆమె కుర్చీ పక్క లేదు, ఎన్కకు నిలవడ్డది. ఎన్కున్నది చిన్నగ గనవడ్తది. స్టేషను కాడ నిలవడి సూడు, దూరం పోయిన కొద్ది రైలు ఎంత గనవడ్తదో. కుర్చీకి వేలుకు మూర అయితే ఆమెకు మూర మీద ఎంతనో పడ్తది."

ఎంత పడుతుందని అడిగాను. అక్క కుర్చీకి ఎంత వెనక ఉంది, ఫొటో పెట్టె ఎంత దూరంలో ఉంది, ఆ రెండూ తెలిస్తే చెప్పవచ్చు, తెలియకపోతే త్రైరాశికం ముందుకు పోదు అన్నాడు. ఆ రెండూ మాలో ఎవరికీ గుర్తులేవు.

అవ్వ ఆయన వైపు తిరగకుండానే అన్నది. "తప్పు దీసెతందుకైతే అందరున్నరు. బిడ్డను తెచ్చెతందుకే ఎవ్వరు లేరు."

బాపు తువ్వాలు పక్కన పెట్టి లేచాడు. తర్వాత అరుగు దిగి వచ్చాడు. వచ్చి స్తంభానికి వీపు ఆనించి నిటారుగా నిలబడ్డాడు. చెయ్యి ఎత్తి తన గడ్డం కింద, గొంతు మొదలయ్యే చోట వేలు పెట్టాడు.

"గిక్కడికి పట్టు" అన్నాడు. "దింపనీకె పోయిన్నాడు గడప కాడ నా గదువ కింద తల వెట్టి ఏడ్చింది. పాపిట గిక్కడ తాకింది."

ఆ సంగతి అప్పటివరకు మాకు ఎవరికీ తెలియదు. అక్క ఏడ్చిందని తెలియదు. ఆయన ఆ చోటును అన్ని రోజులు అట్లా గుర్తుపెట్టుకొని తిరుగుతున్నాడనీ తెలియదు. అవ్వ కింద కూర్చొని పోగు కొసను ఆయన ఎడమ బొటనవేలికి ఆనించి నన్ను పట్టుకోమన్నది. మెల్లగా లేస్తూ పోగును పైకి తెచ్చింది. ఆయన గడ్డం కింద ఆమె చెయ్యి ఆగింది. అక్కడ ముడి వేసింది. తర్వాత పరిచి కొలిస్తే మూడు మూరల ఎనిమిది వేళ్లు. నా లెక్కకంటే ఐదు వేళ్లు ఎక్కువ.

"మనిషి ఎత్తు దొరికింది. మనిషిని ఎప్పుడు తెస్తవు?" అన్నది అవ్వ. ఆ మాటలో కోపం లేదు. అడుక్కుంటున్నట్టు ఉంది.

బాపు కళ్లు ఆమె చేతిలోని పోగు మీద ఉన్నాయి. ఇప్పుడు పోతానంటాడు, ఇప్పుడు ఎడ్లను కట్టమంటాడు అని నేను చూశాను. ఆయన పెదవి కదిలింది కూడా. తర్వాత తువ్వాలు దులిపి భుజాన వేసుకొని పొలం వైపు పోయాడు.

మంగళవారం నాడు ఎల్లమ్మ గుడిలో అవ్వ వత్తి వెలిగించింది. గాలి లేదు. మంట నిలకడగా ఉంది. అవ్వ కళ్లు మూసుకొని ఏదో అడుగుతూనే ఉంది. నేను మంటనే చూస్తూ, ఆరవద్దు తల్లీ, ఆరవద్దు అనుకున్నాను. కొసదాకా కాలింది. ఇంటికి వచ్చేటప్పుడు అవ్వ మొహం తేటగా ఉంది.

వానలు వెనకబట్టాక ఎల్లారెడ్డి నుంచి చాకలాయన కబురు తెచ్చాడు. ఆడపిల్ల, తల్లీ బిడ్డా క్షేమం. అవ్వ అక్కడికక్కడే నేల మీద నుదురు ఆనించి దండం పెట్టింది. బాపు ఆయనకు కొత్త ధోవతి ఇప్పించి, అన్నం తినేదాకా పక్కనే కూర్చొని, పిల్ల ఎంత ఉంది, ఎవరి పోలిక, ఏడుపు గట్టిగా ఉందా అని అన్నీ అడిగాడు. ఇరవై ఒకటో రోజు పిల్లను తొట్టెలో వేసేటప్పుడు పిలుపు వస్తుంది, అప్పుడు అందరం పోదాం అన్నాడు. వెండి మొలతాడు చేయించి పెట్టాడు. పిలుపు రాలేదు. కబురే పంపారు గదా, అదే పిలుపు అనుకోరాదా అని అవ్వ అన్నది. కబురు వేరు, పిలుపు వేరు అన్నాడు బాపు.

అట్లా ఇంకో మూడేండ్లు పోయాయి. యుద్ధం వచ్చింది, కిరసనాయిలు దొరకడం కష్టమైంది, నా పెండ్లి అయింది. మంచి మంచి సంబంధాలు దోమకొండ వైపు నుంచి వచ్చినా బాపు ఒప్పుకోలేదు. ఊళ్లోనే, రెండు వాడలు అవతల ఇచ్చాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ దగ్గరతనం నాకు ఎంతో మేలు చేసింది. అది అక్క పోగొట్టుకున్నదానిలోంచి నాకు వచ్చిందని తెలిసే అనుభవించాను.

ఒక చలికాలం బాపుకు జ్వరం పట్టుకొని వారంలో మనిషిని తీసుకుపోయింది. ఎల్లారెడ్డికి మనిషిని పంపాం. అక్క, బావ, పిల్ల బండిలో వచ్చేసరికి అంతా అయిపోయింది. దర్వాజలో అక్క అవ్వను పట్టుకొని ఏడ్చిన ఏడుపు రాయలేను.

కర్మలు అయ్యేదాకా అక్క ఉన్నది. బంధువులు పోయి ఇల్లు కొంచెం ఖాళీ అయిన ఒక మధ్యాహ్నం ముగ్గురం లోపలి అర్రలో కూర్చున్నాం. పిల్ల పక్కన నిద్రపోతున్నది. మాటల్లో నేను నిలువు వత్తి సంగతి, ఫొటోతో నేను పడ్డ తిప్పలు, బాపు స్తంభానికి నిలబడటం అన్నీ చెప్పాను. అక్క కన్నీళ్లు తుడుచుకోకుండా విన్నది. విన్నాక మెల్లగా అన్నది.

"ఏడో నెల వడ్డ కాడికెల్లి మా మామ రోజు పొద్దుగాల అరుగు మీద కూసొని తొవ్వ సూసేటోడే. 'వాళ్ల నాయిన వచ్చి నిలవడితె సాలు, ఒక్క మాట అనను, తోలిస్త' అన్నడంట మా అత్తతోని. కాన్పయినంక నాకు ఆమెనే చెప్పింది."

"ఒక్క కబురు పంపకపోతివా బిడ్డా?" అన్నది అవ్వ.

"ఎవలతోని పంపాలె అవ్వా? పంపితె బాపు నమ్మునా? పిలిపిచ్చుకొని మళ్ల అంటరు అనుకుంటుండె."

అది నిజమే. బాపు అట్లాగే అనుకునేవాడు. అక్కడ అక్క మామ అరుగు మీద కూర్చొని దారి చూశాడు. ఇక్కడ బాపు అరుగు మీద పడుకొని బండి చప్పుడు విన్నాడు. చెడ్డవాళ్లెవరూ లేరు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఒక చెడ్డవాడు ఉంటే ఆయన మీద కోపం పెట్టుకొని బతకవచ్చు.

అవ్వ చీర కొంగును వేలికి చుడుతూ, విప్పుతూ కూర్చున్నది. ఆమె బాపును అంటుందేమో అని నేను భయపడ్డాను.

"ఎల్లమ్మ ముంగట నిలవడి, కాన్పు సుఖంగ గావాలె అన్న. తల్లి గట్లనే చేసింది. ఇంకేం తక్వ చెయ్యలె" అన్నది చివరికి. "నా బిడ్డ ఇంటికి రావాలె అని అడగలె. అది మీ బాపు చేతుల పని అనుకున్న."

అక్క ఆమె చెయ్యి పట్టుకున్నది. అడిగినంతా ఎల్లమ్మ ఇచ్చిందనే అనాలి, నేను అదే నమ్ముతాను, రోజూ అందుకే దండం పెడతాను. కానీ ఆ పూట అవ్వ ముందు ఆ మాట నోట్లోంచి రాలేదు.

పిల్ల లేచి, ఇంకా అలవాటు కాని ఇల్లు చూసి ఏడుపు అందుకున్నది. ముగ్గురం ఒకేసారి లేచాం.